మాత్రలు పారేయడమేనా విశ్వాసం?

కొన్నేళ్ల క్రితం మా సంఘంలో మూడు రోజులపాటు ఉజ్జీవ కూటాలు జరిగాయి. చివరి రాత్రి అతిథి ప్రసంగీకుడు స్వస్థత గురించి ఆవేశంగా బోధించి, దేవుడు తమను బాగుచేశాడని నమ్మేవాళ్లంతా ముందుకు రావాలని పిలిచాడు. అందరికంటే ముందు లేచింది మా ఆరాధనలో డోలక్ వాయించే సోదరుడు. నలభై ఏళ్లుంటాయి. జేబులోంచి మాత్రల స్ట్రిప్ తీసి అందరికీ చూపించి, ‘ఇక నాకివి అక్కర్లేదు’ అంటూ వేదిక కింద పారేశాడు. పందిరి దద్దరిల్లేలా అంతా ‘హల్లెలూయ’ అన్నారు. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇంటికెళ్లి భోంచేసి, ఎప్పటిలాగే నా బీపీ మాత్ర వేసుకుని పడుకున్నాను!

ఆ సోదరుడు పారేసినవి డిప్రెషన్‌కు డాక్టరు రాసిచ్చిన మాత్రలు. అంతకు నాలుగు నెలల ముందు ఆయన భార్య మా ఇంటికొచ్చి, ‘అయ్యగారూ, ఆయన స్నానం చేసి నాలుగు రోజులైంది. పనికి పోవడం లేదు. డోలక్ ముట్టుకోవడం లేదు. పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకుంటున్నారు’ అని ఏడ్చింది. నేను వెళ్లి ప్రార్థన చేశాను. ఆమె అన్న మాత్రం బావను పట్నంలో మానసిక వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాడు. రెండు నెలల్లో మనిషి తేరుకున్నాడు. మళ్లీ డోలక్ పట్టాడు. బాగున్నాడు కాబట్టే ఆ రాత్రి మాత్రలు పారేయగలిగాడు. ఆ బాగులో మాత్రల పాత్ర కూడా ఉందన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

నాలుగో రోజుకల్లా ఆయనకు తల తిరగడం, వికారం మొదలయ్యాయి. కంటిమీద కునుకు లేదు. ఇది సాతాను శోధన, నిలబడమని చెప్పాం. నెల తిరిగేసరికి మళ్లీ గోడవైపు తిరిగాడు. ఈసారి పాత బాధకు కొత్త బరువు తోడైంది. అందరి ముందు సాక్ష్యం చెప్పి ఓడిపోయానన్న సిగ్గు అది. మాత్రలు మళ్లీ మొదలుపెడదామని భార్య బతిమాలితే ‘సంఘానికి మొహం ఎలా చూపించను?’ అన్నాడట. ఒక తెల్లవారుజామున ఉత్తరం రాసిపెట్టి ఇంట్లోంచి వెళ్లిపోయాడు. దేవుని దయవల్ల ఎనిమిదింటికల్లా రైల్వే స్టేషన్లో ఒక బెంచీ మీద కూర్చుని కనిపించాడు. నన్ను చూడగానే ‘క్షమించండి అయ్యగారూ, నా విశ్వాసం చాల్లేదు’ అన్నాడు. క్షమాపణ అడగాల్సింది ఆయన కాదు, నేను. ఆ దంపతుల అనుమతితోనే ఈ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ఏలీయాకు దేవుడిచ్చిన ఔషధం

కుంగుబాటు అవిశ్వాసుల రోగమనీ, ప్రార్థన చాలనివాళ్లకే వస్తుందనీ మనలో చాలామంది నమ్ముతారు. బైబిలు మాత్రం అలా చెప్పడం లేదు. కర్మెలు పర్వతం మీద ఆకాశంనుంచి అగ్ని దిగివచ్చేలా ప్రార్థించిన ఏలీయా, ఆ వెంటనే యెజెబెలు బెదిరింపుకు అరణ్యంలోకి పారిపోయి, చెట్టు కింద కూలబడి, తన ప్రాణం తీసేయమని దేవుణ్ని వేడుకున్నాడు (1 రాజులు 19). యిర్మీయా తాను పుట్టిన రోజునే శపించుకున్నాడు. 88వ కీర్తనైతే చీకటితోనే ముగుస్తుంది, చివర్లో ఊరట మాట ఒక్కటీ కనబడదు. అయినా ఆ కీర్తన పరిశుద్ధ గ్రంథంలోనే ఉంది. కుంగినవాడి మూలుగు కూడా ప్రార్థనేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం కావాలా?

ఏలీయాతో దేవుడు వ్యవహరించిన తీరు చూడండి. నీ విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. ముందు పడుకోనిచ్చాడు. దూతను పంపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు పెట్టించాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, ప్రయాణం శక్తికి మించినదని గుర్తుచేసి, మళ్లీ తినిపించాడు. హోరేబులో మాట్లాడింది ఆ తర్వాతే. చివరికి ఒంటరివాణ్నని బాధపడిన అతనికి ఎలీషాను తోడుగా ఇచ్చాడు. శరీరానికి బలం, వినే చెవి, పక్కన ఒక మనిషి. ఈ వరుసను మనం తలకిందులు చేసి, తిండీ నిద్రా లేని మనిషికి ముందు ప్రసంగం వినిపిస్తాం.

మన ప్రసంగీకులు తరచూ తలచుకునే స్పర్జన్ జీవితం కూడా చూడండి. 1856 అక్టోబరులో లండన్‌లోని సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాలులో ఆయన ప్రసంగిస్తుండగా ఎవరో నిప్పంటుకుందని అబద్ధపు కేక వేశారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పుడాయనకు 22 ఏళ్లు. ఆ దెబ్బకు కొన్ని రోజులు మనిషి కాలేకపోయాడు. ఆ తర్వాత కూడా జీవితాంతం పలుమార్లు కుంగుబాటు ఆయన్ను వెంటాడింది. ఆ సంగతి దాచకుండా తన విద్యార్థులకు పాఠంగా చెప్పాడు. వేలమందిని రక్షణలోకి నడిపినవాడికి వచ్చిన వ్యాధి మన సంఘంలోని డోలక్ సోదరుడికి రాకూడదా?

దిగులు వేరు, డిప్రెషన్ వేరు

కష్టం వస్తే దిగులు సహజం. ఆప్తులు పోతే ఏడుస్తాం. ఆ దుఃఖం కెరటంలా వచ్చి వెళ్తుంటుంది. మధ్యలో ఒక పాత జ్ఞాపకానికి నవ్వగలం, పలకరించే మనిషి వస్తే తేరుకుంటాం. డిప్రెషన్ అలా కాదు. దాదాపు రోజంతా, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు పైగా మనిషిని వదలదు.

వైద్యులు ముఖ్యంగా తొమ్మిది లక్షణాలు చూస్తారు. మొదటిది, మనసంతా దిగులు, శూన్యం. రెండోది, ఒకప్పుడు ఇష్టమైన ఏ పనిలోనూ ఆసక్తి, సంతోషం లేకపోవడం. ఈ రెండింటిలో కనీసం ఒకటి ఉండి తీరాలి. మిగిలినవి: ఆకలి, బరువు బాగా తగ్గడమో పెరగడమో, నిద్ర పట్టకపోవడం, తెల్లవారకముందే మెలకువ రావడం, లేదా అతినిద్ర, మాటా నడకా మందగించడం, లేదా కుదురుగా కూర్చోలేకపోవడం, ఏ పనీ చేయకుండానే నీరసం, తాను పనికిరానివాణ్నన్న భావన, అతిగా అపరాధభావం, ఏకాగ్రత, నిర్ణయశక్తి తగ్గడం, చావు గురించిన ఆలోచనలు. మొత్తం మీద ఐదు లక్షణాలు రెండు వారాలపాటు ఉండి, రోజువారీ జీవితం దెబ్బతింటుంటే అది డిప్రెషన్ కావచ్చు. తేల్చవలసింది డాక్టరే.

అయితే మనవాళ్లు ‘డాక్టరుగారూ, నాకు దిగులుగా ఉంది’ అని వెళ్లరు. తలనొప్పి, ఒళ్లు నొప్పులు, గుండె దడ, గ్యాస్, నీరసం అంటూ తిరుగుతారు. పరీక్షలన్నీ బాగానే ఉంటాయి, మనిషి మాత్రం బాగుండడు. మగవాళ్లలో ఇది చాలాసార్లు చిరాకుగా, కోపంగా, కొత్తగా పట్టుకున్న తాగుడుగా బయటపడుతుంది. వృద్ధుల్లో మతిమరుపులా కనిపిస్తుంది. బాలింతల్లో ప్రసవమైన కొద్ది రోజులకు కన్నీళ్లు రావడం మామూలే, అవి సాధారణంగా రెండు వారాల్లోపే సర్దుకుంటాయి. ఆ తర్వాతా తల్లి బిడ్డను చూసి సంతోషించలేకపోతే, తాను మంచి తల్లిని కానని కుమిలిపోతుంటే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

విశ్వాసుల్లో ఇది మరో భాషలో వినిపిస్తుంది. ‘ప్రార్థన చేయబుద్ధి కావడం లేదు’, ‘బైబిలు తెరిస్తే అక్షరాలు కదలడం లేదు’, ‘నా పాపానికి క్షమాపణ లేదు’, ‘దేవుడు నన్ను వదిలేశాడు’. ఈ మాటలు వినగానే మనం ఆత్మీయ పతనమనుకుని గద్దిస్తాం. ఆసక్తి పోవడం, ఏకాగ్రత తగ్గడం, అతిగా అపరాధభావం ఆ తొమ్మిదిలోవే కదా! ఇవి దేవుడు దూరమైనందుకు గుర్తులు కావు, వ్యాధి లక్షణాలు కావచ్చు.

2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 20 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడుతున్నారు. వందమంది కూర్చునే మందిరంలో ఐదుగురన్నమాట. పోయిన ఆదివారం మన పక్కన కూర్చున్నవాళ్లలో వాళ్లెవరు?

డాక్టరుగారిని నేనడిగిన ప్రశ్నలు

రైల్వే స్టేషన్ సంఘటన తర్వాత ఆ సోదరుణ్ని తీసుకుని నేనే మానసిక వైద్యుని దగ్గరికి వెళ్లాను. మా ఊళ్లో వినిపించే సందేహాలన్నీ అడిగాను. ఆయన ముందుగా థైరాయిడ్, రక్తహీనత, బి12 విటమిన్ లోపం ఉన్నాయేమో పరీక్షలు రాశారు. వీటివల్ల కూడా ఇవే లక్షణాలు రావచ్చట. కుంగుబాటు స్వల్పంగా ఉంటే చాలామందికి కౌన్సెలింగే చాలు. తీవ్రమైతే మాత్రలు, కౌన్సెలింగ్ రెండూ అవసరమవుతాయని చెప్పారు.

‘ఇవి అలవాటైపోతాయంటారు కదా?’ అని అడిగాను. ఈ భయానికి ఎక్కువగా కారణం నిద్రమాత్రలట. ఆల్ప్రజోలం, డయాజెపాం లాంటివి ఎక్కువ కాలం వాడితే అలవాటు పడిపోతారు, మోతాదు పెంచుకుంటూ పోతారు. ఫ్లూఆక్సెటిన్, సెర్‌ట్రలిన్, ఎసిటలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందులు వేరు. ఇవి మత్తునివ్వవు, ఇంకా ఇంకా కావాలన్న యావ పుట్టించవు. కానీ శరీరం వాటికి సర్దుకుంటుంది కాబట్టి ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరుగుడు, వికారం, చిరాకు, పీడకలలు, నిద్రలేమి, ఒంట్లో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం రావచ్చు. మా సోదరుడికి నాలుగో రోజున వచ్చినవి ఇవే. మేం దానికి సాతాను పేరు పెట్టాం.

‘ఎప్పటికి పనిచేస్తాయి? ఎన్నాళ్లు వాడాలి?’ జ్వరం మాత్రలా పూటలో పనిచేయవు. మార్పు తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. పది రోజులు వాడి లాభం లేదని మానేసేవాళ్లు అందుకే నష్టపోతారు. మొదటి మందు అందరికీ సరిపడదు. అప్పుడు డాక్టరు మోతాదో మందో మారుస్తారు. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలి. పదేపదే తిరగబెట్టేవాళ్లకు రెండేళ్లు, అంతకు పైగా అవసరం కావచ్చు. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు మాత్రలు కలిపి వేసుకోకూడదు.

‘దుష్ప్రభావాల మాటేమిటి?’ ఆయన ఏదీ దాచలేదు. మొదటి ఒకటి రెండు వారాల్లో వికారం, తలనొప్పి, విరేచనాలు, నోరెండడం, నిద్రలో తేడా కనిపించవచ్చు. చాలామందిలో అవే తగ్గిపోతాయి. కొందరిలో బరువు పెరుగుతుంది. దాంపత్య జీవితంలో ఆసక్తి తగ్గవచ్చు. సిగ్గుపడి ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేస్తారు. డాక్టరుకు చెబితే మందు మార్చే వీలుంది. వృద్ధుల్లో ఒంట్లో సోడియం తగ్గి తికమక, తూలిపడటం రావచ్చు, వెంటనే చూపించాలి.

జాగ్రత్త పడాల్సినవి మరికొన్ని ఉన్నాయి. పిల్లలు, యువకులు మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు, వాళ్ల ఆందోళననూ చావు ఆలోచనలనూ ఇంట్లోవాళ్లు గమనిస్తూ ఉండాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లల విషయంలో ఈ హెచ్చరికను మందుల మీద ముద్రించాలని ఆదేశించి, 2007లో దాన్ని 24 ఏళ్ల వరకూ విస్తరించింది. మందు ఇవ్వకూడదని దీని అర్థం కాదు, కనిపెట్టుకుని ఉండాలని. గతంలో ఎప్పుడైనా నిద్రలేకుండానే విపరీతమైన హుషారు, గొప్పలు, విచ్చలవిడి ఖర్చు లాంటివి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. అది బైపోలార్ అయితే ఈ మందులు ఒక్కటే వాడటం వల్ల ఆ ఉద్రేకం తిరగబెట్టవచ్చు. ట్రమడాల్ లాంటి నొప్పి మందులతో కలిస్తే ప్రమాదం. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్‌తో రక్తస్రావం పెరగవచ్చు. కాబట్టి వాడే మందులన్నీ, నాటు మందులతో సహా, డాక్టరు ముందు పెట్టాలి. మద్యం వద్దే వద్దు. గర్భం వచ్చిందని తెలియగానే భయపడి సొంతంగా ఆపేయకూడదు, డాక్టరుతో మాట్లాడాలి. తల్లి వ్యాధి ముదిరినా బిడ్డకు ముప్పే. అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ లాంటి పాత మందులు మోతాదు మించితే ప్రాణాంతకం. కాబట్టి మాత్రలు ఇంట్లో మరొకరి చేతిలో ఉండటం మంచిది. పక్కింటివాళ్లకు రాసిన చీటీతో, పాత చీటీతో మెడికల్ షాపులో కొనుక్కోవడం అసలే పనికిరాదు.

మందూ దేవుని వరమే

హిజ్కియా మరణకరమైన రోగంతో పడి ఉన్నప్పుడు దేవుడు అతని ప్రార్థన విన్నాడు, ఆయుష్షు పొడిగించాడు. అయినా పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా చెప్పాడు (యెషయా 38). ప్రార్థన ఒకవైపు, మందు ఒకవైపు అని అక్కడ తగాదా లేదు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు చెప్పింది కూడా ఆ కాలపు వైద్యమే. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడు.

మన ప్రాంతపు క్రైస్తవ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. క్షయ రోగులను ఇంట్లోంచి వెలివేసే రోజుల్లో, 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్లు కలిసి శానిటోరియం తెరిచాయి. అక్కడ ప్రార్థనా ఉంది, వైద్యమూ ఉంది. విశేషమేమిటంటే డిప్రెషన్ మందుల కథ కూడా క్షయతోనే మొదలైంది. 1950ల తొలినాళ్లలో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆస్పత్రిలో ఐప్రోనియజిడ్ అనే కొత్త క్షయ మందు వాడితే, మంచాన పడ్డవాళ్లలో హుషారు కనిపించింది. తొలి డిప్రెషన్ మందుల్లో అదొకటైంది. క్షయ మాత్రలను వరమని స్తుతించిన మనం, వాటి వెంటే వచ్చిన ఈ మాత్రలను అవిశ్వాసమంటామా?

దేవుడు అద్భుతంగా స్వస్థపరచడని నేను అనడం లేదు. స్వస్థపరిస్తే ఆ సంగతి డాక్టరు పరీక్షలోనూ తేలుతుంది. మాత్రలు తగ్గించమని డాక్టరే చెబుతాడు. సాక్ష్యం ఆ తర్వాత చెప్పినా దేవుని మహిమకు లోటు రాదు.

సంఘం చేయాల్సింది

మంచి సమరయుడు దారిలో పడి ఉన్నవాణ్ని చూసి ప్రసంగం చేయలేదు. గాయాలు కట్టి, సత్రానికి చేర్చి, ఖర్చు పెట్టుకుని, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు. మనమూ అదే చేయవచ్చు. కుంగినవాళ్ల పక్కన కూర్చోండి. తక్కువ మాట్లాడండి. ‘అందరికీ ఉన్న కష్టాలేగా’ అనకండి. డాక్టరు దగ్గరికి ఒంటరిగా పంపకుండా తోడు వెళ్లండి. ఇంట్లో వంట జరగకపోతే ఒక పూట అన్నం పంపండి. ఏలీయాకు దూత తెచ్చింది రొట్టే కదా!

‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా, ప్రేమగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. అవునంటే వాళ్లను ఒంటరిగా వదలకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, శిక్షించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కేసు భయంతో దాచిపెట్టి వైద్యం ఆలస్యం చేయవద్దు.

ఎర్రగడ్డ, చినవాల్తేరు పేర్లను నవ్వులాటకు వాడటం కూడా మానుకుందాం. వేదిక మీద మనం వేసే ఆ ఒక్క జోకు, వెనక వరుసలో కూర్చుని రేపు డాక్టరు దగ్గరికి వెళ్దామనుకుంటున్న తల్లిని ఇంటికి పంపేస్తుంది. తోటి పాస్టర్లకు నా మనవి ఒకటే. మందులు ఆపమని చెప్పే అధికారం దేవుడు మన పిలుపులో పెట్టలేదు. మనకు తెలియని విషయంలో ‘హల్లెలూయ’ అనేముందు ఒక్క క్షణం ఆగుదాం.

మా సోదరుడు మళ్లీ మాత్రలు మొదలుపెట్టాడు. కోలుకున్నాక ఏడాదిపాటు వాడి, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించి ఆపాడు. మాత్రలు వాడుతున్న రోజుల్లోనే ఒక ఆదివారం నేను సంఘం ముందు నిలబడి, ఆ రాత్రి నేను చేసిన తప్పు ఒప్పుకుని, ఆయన్ను క్షమాపణ అడిగాను. నా జేబులోని బీపీ మాత్రలు తీసి అందరికీ చూపించాను. ఆరాధన అయ్యాక ముగ్గురు విడివిడిగా నా దగ్గరికొచ్చి, మెల్లగా ఒకే ప్రశ్న అడిగారు: ‘అయ్యగారూ, ఆ డాక్టరుగారు ఎక్కడుంటారు?’